బట్టీ తగ్గాలంటే ముందు ప్రశ్నపత్రం మారాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. బట్టీ చదువుల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ అభ్యాస శైలుల ప్రస్తావన కూడా వస్తోంది. కొందరికి చూస్తేనే, కొందరికి వింటేనే, మరికొందరికి చేతులతో చేస్తేనే చదువు వంటబడుతుందనీ, కాబట్టి పిల్లలను ఆ ప్రకారం విడదీసి బోధించాలనీ చాలామంది వాదిస్తున్నారు. పిల్లలందరూ ఒక్కలా ఉండరన్నది నిజమే. కానీ 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి, శైలిని బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన రుజువు లేదని తేల్చారు. భూగోళానికి పటం, ఉచ్చారణకు చెవి ప్రతి బిడ్డకూ అవసరమే. నీకు వింటేనే వస్తుందని ముద్ర వేస్తే, ఆ బిడ్డ గ్రాఫుల జోలికి పోకపోవడానికి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది.

నేర్చుకున్న విషయం మరో రూపంలో ఎదురైతే విద్యార్థి దాన్ని పోల్చుకోగలుగుతున్నాడా అన్నదే మనం చూడవలసింది. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక తరగతి గదిలో తాను చూసినదాన్ని రాశారు. సమాంతర చతుర్భుజానికి లంబాలు గీసి, భూమిని ఎత్తుతో గుణించి వైశాల్యం కట్టడం అక్కడి పిల్లలు చక్కగా నేర్చుకున్నారు. ఆయన అదే ఆకారాన్ని తిప్పి గీయగానే పలువురు తడబడ్డారు, ఒకరైతే ఇది మాకింకా చెప్పలేదన్నారు. అదే ఆకారాన్ని చూసిన అయిదున్నరేళ్ల పాప మాత్రం, ఒక పక్క పొడుచుకొచ్చిన ముక్కే రెండో పక్కకు కావలసిన ముక్క అని గమనించి, కత్తెర అడిగి తీసుకుని, కోసి అటువైపు చేర్చింది. సూత్రం రాని ఆ పాపకు ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో అర్థమైంది.

కంఠస్థమే వద్దని నేను అనడం లేదు. ఎక్కాలు నోటికి రాని పిల్లవాడు భిన్నాల దగ్గర అడుగడుగునా ఆగిపోతాడు. అయితే గుర్తుంచుకోవడానికి కూడా చదివిందే చదవడం మేలైన దారి కాదని 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు, వారం తర్వాత చూస్తే పాఠం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకుని రాసినవారు వారిని దాటిపోయారు.

ఇందులో పిల్లలనో ఉపాధ్యాయులనో తప్పుపట్టి లాభం లేదు. పుస్తకంలోని వాక్యం ఉన్నదున్నట్టు కనిపిస్తే దిద్దడం సులువు, మార్కుల మీద తగాదా రాదు కాబట్టి ప్రశ్నలూ ఆ సౌలభ్యానికి తగ్గట్టే తయారవుతున్నాయి. ప్రయోగశాలలోనూ ఇదే తంతు. తీగలో విద్యుత్ ప్రవాహం వోల్టేజీకి అనులోమంగా ఉంటుందని చెప్పే ఓమ్ నియమం ప్రయోగంలో సరళరేఖ వస్తేనే మార్కులు పడతాయని తెలిసిన విద్యార్థి, తనకు వచ్చిన రీడింగులు వదిలేసి, గ్రాఫు సరిగ్గా రావడానికి కావలసిన రీడింగులను రికార్డులో రాసుకుంటాడు. ఒక బిందువు రేఖకు దూరంగా పడితే, తీగ వేడెక్కి నిరోధం పెరిగిందా, కనెక్షన్ వదులైందా అని ఆలోచించి రాసిన జవాబుకే నిజానికి ఎక్కువ మార్కులు రావాలి.

అందుకే ప్రతి ప్రశ్నపత్రంలోనూ కనీసం నాలుగో వంతు మార్కులను, తెలిసిన సూత్రాన్ని పాఠ్యపుస్తకంలో లేని సందర్భానికి వర్తింపజేసే ప్రశ్నలకు కేటాయించాలని పరీక్షల బోర్డులను కోరుతున్నాను. చివరి జవాబు తప్పినా ఆలోచన సరైన దారిలో ఉంటే ఎన్ని మార్కులివ్వాలో ముందే ప్రకటించాలి. అలా దిద్దడానికి సమయం పడుతుంది గనుక దిద్దేవారిలో ఒక్కొక్కరికి ఇచ్చే జవాబుపత్రాల సంఖ్యను తగ్గించాలి, అందుకయ్యే ఖర్చును భరించాలి. ఈ మార్పును ఒక్కసారిగా పై తరగతుల్లో తెస్తే ఇన్నాళ్లూ వేరే పద్ధతిలో సిద్ధమైన పిల్లలు నష్టపోతారు కాబట్టి, చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టి, మాదిరి ప్రశ్నపత్రాలను ఏడాది ముందే పాఠశాలలకు అందజేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు