నల్లగా మెరిసిందల్లా ఉల్క కాదు సార్

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ విశాఖ పేజీలో, తీరంలో దొరికిన నల్లటి గాజు రాయి ఒకటి ఆకాశం నుంచి పడిందని, దాన్ని టెక్టైట్ అంటారని, మార్కెట్లో మంచి రేటు పలుకుతుందని రాశారు. ఫోటో బాగుంది. ఆ రాయిని ఎవరు, ఎక్కడ పరీక్ష చేశారన్నది మాత్రం ఒక్క ముక్క కూడా లేదు.

ఆ పేపర్ పట్టుకుని మా కింద వాటాలో ఉండే కుర్రాడు సాయంత్రానికి మా ఇంటికొచ్చేశాడు. చేతిలో అచ్చం అలాంటి రాయే, ఆన్‌లైన్‌లో ఆరు వేలు పోసి కొన్నాడట, శని దోషానికి మంచిదని ఎవరో చెప్పారట. ‘‘బాబాయ్, మీరు ల్యాబ్‌లో చేశారు కదా, ఇది అదేనా ఏటి?’’ అన్నాడు. నేను ముప్పై ఏళ్లు ఉక్కు తయారీ ల్యాబ్‌లో స్లాగ్ (ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసేటప్పుడు మిగిలే చిట్టెం) శాంపిళ్లు పరీక్షించినవాణ్ణి, చూడగానే అనుమానమొచ్చింది గానీ నోటిమాటగా చెబితే ఎవరు నమ్ముతారు?

అందుకని కంసాలి వాడేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీశాను. రాయి బరువు 61 గ్రాములు. తర్వాత కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీస్తే కాటా 21 చూపించింది. ఆ 21 రాయి పక్కకి తోసిన నీటి బరువన్నమాట. 61ని 21తో భాగిస్తే 2.9, అంటే రాయి అంతే పరిమాణం నీటికన్నా 2.9 రెట్లు బరువు, దీన్నే సాంద్రత అంటాం. టెక్టైట్లు మామూలుగా 2.3 నుంచి 2.5 మధ్యలో ఉంటాయి. కుర్రాడి మొహం అప్పుడే కాస్త పాలిపోయింది. అయినా ఈ ఒక్క లెక్కతో తీర్పు చెప్పకూడదు కాబట్టి, ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ (ఎక్స్‌రేలతో రాయిలో ఏ పదార్థం ఎంతుందో చెప్పేది) ఉన్నచోట పనిచేసే పాత స్నేహితుడి చేత చూపించాను. సిలికా (ఇసుకలో ఉండే ముఖ్య పదార్థం) 34 శాతం, సున్నం 35, అల్యూమినా 18. ఈ అంకెలు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను సార్, అది బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్! రోడ్డు పనులకి లారీల్లో వెళ్లే సరుకు.

టెక్టైట్ అంటే ముందు అది ఉల్కే కాదు. పెద్ద ఉల్క వచ్చి గుద్దినప్పుడు ఆ వేడికి ఇక్కడి నేలే కరిగి, పైకి ఎగిరి, గాలిలో చల్లారి గాజై దూరాన పడుతుంది. ఆస్ట్రేలియాలో గుండీల్లా అంచులు తిరిగిన టెక్టైట్లు దొరుకుతాయి, ఒకసారి గట్టిపడి మళ్లీ వాతావరణంలోకి దూసుకొచ్చినప్పుడు కరిగిన ముందువైపు అంచుకి జరిగి అలా తయారైందన్నమాట. ఇవి చంద్రుడి మీంచి వచ్చాయని నమ్మిన పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఉండేవారు. 1969లో అపోలో 11 చంద్రుడి రాళ్లు తెచ్చాక పోల్చి చూస్తే రెండింటికీ పొంతన కుదరలేదు. టెక్టైట్ల రసాయనం మన భూమ్మీది మట్టి, ఇసుకరాళ్లలాగే ఉంటుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

నాకు బాగా నచ్చేది బెరీలియం-10 సంగతి. కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టి వానతో కిందికి దిగి పైమట్టికి అంటుకునే బెరీలియం ఐసోటోపు, అంటే ఆ మూలకంలోనే ఒక అరుదైన రకం ఇది, లోతుకి పోయేకొద్దీ దొరకదు. సుమారు 7.9 లక్షల ఏళ్ల కిందటి ఆస్ట్రలేషియా టెక్టైట్లలో ఇది ఉంది, అంటే కరిగింది నేల పైపొరే. ఇంత చెప్పగలిగినా ఆ ఉల్క గుద్దిన గొయ్యి మాత్రం ఇప్పటికీ ఖాయంగా దొరకలేదు. అదే దెబ్బకి ఎగిరిన ఇసుకరేణువుల్లాంటి గాజు పూసలు హిందూ మహాసముద్రం అడుగు బురదలో కూడా దొరికాయి. ఇవి మైక్రోస్కోపు కింద కనిపించేవి, అరచేతిలో పట్టేంత బండలు కావు.

అగ్నిపర్వత గాజుతో తికమక మాత్రం నిజంగానే ఉంటుంది, ఎందుకంటే టెక్టైట్లలో లాగే అందులోనూ సిలికా సాధారణంగా 70 శాతం పైనే. తేడా నీటి దగ్గర తెలుస్తుంది. అగ్నిపర్వత గాజులో నీరు శాతంలో పదో వంతు నుంచి ఒక శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది, టెక్టైట్‌లో అయితే 0.02 శాతం కూడా మించడం అరుదు. కొలిమిలో పెడితే మొదటిది నురగలా పొంగుతుంది, రెండోది బుడగలు పెద్దగా లేకుండా కరుగుతుంది. సీసా గాజు ముక్కలు అమ్మేవాళ్లు ఇంకో రకం, అక్కడ సిలికా 72 వచ్చిందని మురిసిపోకూడదు, సోడియం చూడాలి. సీసాలో సోడియం ఆక్సైడ్ 13 శాతం దాకా ఉంటుంది, టెక్టైట్‌లో ఒకటీ ఒకటిన్నరే, పైగా పొటాషియం దానికన్నా ఎక్కువ. బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) మీద ఉల్క పడితే లెక్కే వేరు: మహారాష్ట్ర లోనార్‌లో 1.8 కిలోమీటర్ల గొయ్యి దగ్గర దొరికే గాజులో సిలికా బసాల్ట్‌లాగే 50 దరిదాపుల్లో ఉంటుంది.

మన విశాఖ కొండలేమో ఖోండలైటు, చార్నొకైటు, లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన రాళ్లు. ఇక్కడ లావా గాజు దొరికే అవకాశమూ లేదు. భీమిలి వైపు ఒడ్డున నల్లగా మెరిసేది ఇల్మెనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం ఇసుక.

ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, మీ ఆఫీసు నుంచి ఆటో ఎక్కితే అయిపోయేది. ఆ తీరం రాయిని ముందు అక్కడ చూపించి, రిపోర్టు వచ్చాక ఏ సంగతైనా సరే వేయండి, టెక్టైటే అని తేలితే ముందు నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఒక సవరణ మాత్రం కావాలి. ఎంత చిన్న అక్షరాల్లో అయినా పర్వాలేదు గానీ, రాశిఫలాల పక్కన మాత్రం వేయకండి, మా కింద వాటా కుర్రాడు ముందు చదివేది అదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్టు,
మురళీనగర్, విశాఖపట్నం