శాలువాలు సరే, రోడ్డంచు ఊడ్పించేదెవరు?

సంపాదకులకు,

అయ్యా,

కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి పోతున్న సేవా సైకిల్ యాత్ర జట్టుకు అనంతపురంలో ‘ఘన స్వాగతం’ దక్కిందని గత వారం మీ జిల్లా పేజీలో వేశారు. ఫొటోలో శాలువా కప్పుతున్నవాళ్లు పదిమంది, కప్పించుకుంటున్నవాడు ఒక్కడు, సైకిలుది వెనక చక్రం మాత్రమే. యాత్ర దేనికోసమో ఒక్క ముక్క లేదు. వేదిక మీది పెద్దల పేర్లు మాత్రం హోదాలతో సహా ఒక్కటీ తప్పిపోలేదు.

జెండా ఊపింది పొద్దున పదింటికట. ముఖ్య అతిథి రావాలి కదా! ఇక్కణ్ణుంచి ఆ రాత్రికి చేరాల్సిన బెంగళూరు 210 కిలోమీటర్ల పైమాటే. జట్టుగా తొక్కేవాళ్లు గంటకు 20 కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే సీటు మీదే పదిన్నర గంటలు. తిండికీ నీళ్లకూ పంక్చర్లకూ ఇంకో రెండు గంటలు వేసుకోండి. పైగా దారి ఎక్కుడు. అనంతపురం సముద్రమట్టానికి 340 మీటర్ల దగ్గర ఉంటే బెంగళూరు 900 పైన. అందుకే తెలిసినవాళ్లు తెల్లారుజామున ఐదింటికే లైట్లు వేసుకొని బయల్దేరి, ఎండ ముదిరేలోగా పెనుకొండ అందుకుంటారు. పదింటికి వదిలితే డిసెంబరులోనైనా మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదే, చివరి డెబ్బై ఎనభై కిలోమీటర్లు చీకట్లో లారీల మధ్య. చల్లటి పొద్దంతా టవర్ క్లాక్ దగ్గర నిలబెట్టి పోగొట్టడం మన మర్యాద.

సీటుకు పాలిథిన్ కవరైనా తీయని కొత్త సైకిలెక్కి, వంద మీటర్లు తొక్కి, కారెక్కిన పెద్దల సంగతి వదిలేద్దాం. ఆ వంద మీటర్లకూ ముందూ వెనకా బైకుల ర్యాలీ, హారన్లు ఎందుకు? వరసలో చక్రానికీ చక్రానికీ మధ్య రెండు మూడు మూరలే ఉంటుంది. గుంత కనబడితే ముందువాడు చేత్తో చూపి, నోటితో అరిచి చెప్పాలి. ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? ఒకడు ఉన్నట్టుండి బ్రేకు కొడితే వెనక ఐదుగురు పడతారు.

వాళ్లకు అసలు కావాల్సింది శుభ్రమైన రోడ్డంచు. 44వ నంబరు హైవే మీద సైకిలు పోవాల్సింది తెల్లగీతకు ఎడమ పక్కన. అక్కడ ఉండేవి పేలిన లారీ టైర్ల పేలికలు, గాజుపెంకులు, గాలికి కొట్టుకొచ్చిన కంపముళ్లు, అడ్డంగా నిలిపిన లారీలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు. వీటన్నిటిలో టైరు పేలికల్లోంచి రాలే ఉక్కు తీగ ముక్క మరీ పాపిష్టిది. వెంట్రుకంత సన్నం, గోరంత పొడవు. 28 మిల్లీమీటర్ల వెడల్పుండే సన్న సైకిలు టైరులో దిగితే గాలి ఒక్కసారి పోదు, మెల్లగా దిగిపోతుంది. ట్యూబు మార్చుకొని పోతే తీగ టైరులోనే ఉండి, పది కిలోమీటర్లకల్లా కొత్త ట్యూబునూ తినేస్తుంది. టైరు మీది కంపెనీ పేరుకు సూటిగా వాల్వు వచ్చేలా ముందే ఎక్కించి ఉంటే, ట్యూబులో చిల్లిని బట్టి టైరులో ఆ చోటే వెతకొచ్చు. వేలికి తగలదు. లోపల దూది తిప్పితే ఒకచోట పోగు చిక్కుకుంటుంది, అక్కడ చిన్న పట్టకారుతో లాగాలి. సొల్యూషన్ రాశాక తడి ఆరేదాకా ఆగి ప్యాచీ వేయాలి. పక్కన లారీలు దూసుకుపోతుంటే ఎవరాగుతారు? తొందరపడి అతికిస్తారు, అది ఎండకు ఊడొస్తుంది.

ఈ సైకిళ్ల సన్న వాల్వుకు పెట్రోలు బంకు గాలి గొట్టం పట్టదు. మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ బిగించాలి. శాలువా ఒకటి మానుకొని ఆ డబ్బుతో రెండు మూడు అడాప్టర్లు కొనిచ్చినా పనికొచ్చేవి. ఓఆర్‌ఎస్ పంచారని కూడా రాశారు, సంతోషం. 20.5 గ్రాముల ప్యాకెట్టు లీటరు నీళ్లకు. దాన్ని పావులీటరు సీసాలో గుమ్మరించి తాగిస్తే ఉప్పెక్కువై దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. వేదిక మీద ఇంతమంది ఉన్నారు, ఆ ప్యాకెట్టు వెనకవైపు చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

యాత్రికులు ఒక పూట ఉండి పోతారు. పాలవాళ్లు, కూలీలు, బడిపిల్లలు రోజూ ఆ అంచునే పోవాలి. ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లిచ్చింది గానీ, తొక్కడానికి మూరెడు చోటు ఇవ్వలేదు. సర్వీసు రోడ్ల కాలువల మీద ఇనుప జాలీల సందులు చక్రం పోయే దిక్కుకే ఉంటాయి, సన్న టైరు అందులో పడిందా, మనిషి ముందుకెగిరి పడటమే. వాటిని అడ్డంగా తిప్పి బిగించడానికి ఏ నిధులు మంజూరు కావాలో ఇంజినీరు సార్లే చెప్పాలి. హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేస్తే పడిపోయిన లారీని తీయడానికి మనుషులొస్తారు, తీగముక్కలు ఊడవడానికి చీపురు రాదు.

చివరగా డబ్బు సంగతి. సేవ పేరుతో డబ్బాలు పట్టుకొని అంగడంగడికీ తిరిగారు. రశీదు అడిగితే నవ్వారట. పన్ను మినహాయింపు కావాలంటే నగదు 2,000 రూపాయలు దాటకూడదని, రశీదు మీద సంస్థ పాన్ నంబరు ఉండాలని వసూలు చేసేవాళ్లకు తెలియకపోతే ఇచ్చేవాళ్లకైనా తెలియాలి. మన ఊళ్లో ఎంత వచ్చింది, అందులో ఫ్లెక్సీలకూ శాలువాలకూ ఎంత పోయింది, మిగిలింది ఎవరి ఖాతాలో పడింది? మీ విలేకరి కనుక్కొని రాస్తే ఆ వార్త కూడా చదువుతాం.

ఇట్లు,
ఒక సైకిలు రిపేరుదారు,
అనంతపురం