మీ వాడి కళ్ళ వాపు గురించి

ఒరేయ్ శీనూ,

మీ వాడికి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు అని చెప్పగానే నువ్వు డయాలసిస్ దాకా వెళ్ళిపోయావు. కాస్త ఆగు. మా అక్క కొడుక్కి నాలుగేళ్ళప్పుడు ఇదే వచ్చింది. పొద్దున్నే కళ్ళు ఉబ్బితే దోమ కుట్టిందన్నారు, ఎలర్జీ అన్నారు, ఆఖరికి నిక్కరు ఎలాస్టిక్ నడుం మీద అచ్చు పడేంతగా నీరు పట్టాక గానీ యూరిన్ టెస్ట్ ఎవరూ రాయలేదు.

జరిగేదేంటంటే, కిడ్నీలోని వడపోత పొరని మన రోగనిరోధక శక్తే దెబ్బతీస్తుంది, రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి పోతుంది, ఒంటికి నీరు పడుతుంది. ఆ పొరలో నెఫ్రిన్ అని ఒక ప్రొటీన్ ఉంది, దానిమీదకే యాంటీబాడీలు లేస్తున్నాయని 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. పరీక్షించిన పిల్లల్లో సుమారు సగంమందిలో కనబడ్డాయి. కాబట్టి చల్లనీళ్ళు తాగించడం వల్లే వచ్చిందని చెల్లెమ్మని ఆడిపోసుకోవద్దని మీ అమ్మకి నా మాటగా చెప్పు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలెట్టారుగా, నూటికి 85–90 మంది పిల్లలకి దాంతోనే తగ్గుతుంది. బుగ్గలు బూరెల్లా ఉబ్బుతాయి, అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమంటాడు, ఊరికే చిరాకు పడతాడు. చూడలేక మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఎవరో పసరు ఇస్తారంటే అసలు వెళ్ళకండి. వాపు ఉన్నన్నాళ్ళూ ఆవకాయ, అప్పడాలు, చిప్స్ బంద్. పప్పు, గుడ్డు మామూలుగా పెట్టొచ్చు.

అసలు పని తగ్గాకే ఉందిరా. చాలామందికి మళ్ళీ తిరగబెడుతుంది, ఒక్క జలుబు చాలు. మందుల షాపులో యూరిన్ స్ట్రిప్పులు తెచ్చుకో. లేవగానే పోసిన మూత్రంలో ముంచి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి రంగు చూడు. ప్రొటీన్ గడి పసుపుగానే ఉంటే టెన్షన్ లేదు, ఆకుపచ్చకి తిరిగి వరసగా మూడు రోజులు, రోజూ మూడు ప్లస్‌ల రంగు (డబ్బా మీది రంగులతో పోల్చి చూడు) వస్తే డాక్టరుకి ఫోన్ చెయ్యి. అక్క గోడ క్యాలెండర్ గళ్ళలోనే నిల్ (లేదు), ట్రేస్ (లేశంగా ఉంది), ప్లస్ అని రాసేది, డాక్టరుగారు రిపోర్టుల కంటే ముందు ఆ కాగితాలే అడిగేవారు. మాటిమాటికీ తిరగబెట్టినా లెవామిసోల్ లాంటి వేరే మందులున్నాయి.

జ్వరంతో పాటు కడుపునొప్పి అంటే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు. టీకా వేయించేముందు స్టెరాయిడ్ వాడుతున్నాడని చెప్పు, ఆ టైములో కొన్ని వేయరు.

అక్క నంబరు చెల్లెమ్మకి పంపాను, మొహమాటపడకుండా మాట్లాడమను.

నీ
రాంబాబు