వేసవిలో కోడింగ్ నేర్పించాలా? ఫీజు కట్టే ముందు ఈ ఉత్తరం చదవండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షలు అయిపోవచ్చాయి. సెలవులు దగ్గర పడేసరికి మన దేవరకొండ వైపు ఊళ్లకు కూడా ఫోన్లు మొదలయ్యాయి. “మీ బాబుకు కోడింగ్ నేర్పిస్తాం, ఈ రోజే కడితే సగం ఫీజు” అని. కట్టమంటారా మేడం అని కొందరు తల్లులు బడికి వచ్చి అడిగారు. పత్తి అమ్మిన డబ్బులోంచి తీసి కడదామనుకున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ నేను చెప్పేది ఒకటే, కట్టకండి. కోడింగ్ అన్నా ప్రోగ్రామింగ్ అన్నా ఒకటే, కంప్యూటర్ ఏం చేయాలో దానికి ఆదేశాలు రాయడం. అది కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు కావలసినవన్నీ పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఏది ఏ తరగతికి పనికొస్తుందో, అందులో ఇంటివాళ్ల పని ఏమిటో ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

6, 7 తరగతుల పిల్లలు స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దీన్ని తయారుచేసి 2007లో అందరి చేతికీ ఇచ్చింది. ఇందులో టైపింగ్ దాదాపు ఉండదు. పది అడుగులు నడువు, అంచు తగిలితే వెనక్కి తిరుగు, ఇదంతా మళ్లీ మళ్లీ చెయ్యి... ఇలాంటి ఆదేశాలు రంగు రంగుల ముక్కలుగా ఉంటాయి. వాటిని లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీద పిల్లిబొమ్మ ఆ ప్రకారం కదులుతుంది. ఖాతా తెరవకుండానే వాడుకోవచ్చు. తెరిస్తే మాత్రం పిల్లల అసలు పేరు, ఊరి పేరు, బడి పేరు పెట్టనివ్వకండి. ఈమెయిల్ అడిగితే మీదే ఇవ్వండి. ఫోన్ తెర దీనికి చిన్నదైపోతుంది. కంప్యూటరో ట్యాబో ఉంటేనే సుఖం.

ఇదేదో చిన్నపిల్లల ఆట, దీన్ని కోడింగ్ అనరు అని పట్నంలో చదివే అన్నలు కొందరు తమ్ముళ్లను నిరుత్సాహపరుస్తున్నారట. కానీ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మలాన్ చెప్పే సీఎస్50 అనే కంప్యూటర్ కోర్సు కూడా స్క్రాచ్‌తోనే మొదలై, ఆ తర్వాత సీ అనే కోడింగ్ భాషలోకి వెళుతుంది. ఆ పాఠాలన్నీ ఇంటర్‌నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో ఇంటర్, డిగ్రీ పిల్లలుంటే, ఇంగ్లీషు అర్థమైతే, వాళ్లు ఈ సెలవుల్లో అది పట్టుకోవచ్చు.

8, 9 తరగతులకు పైథాన్ అనే కోడింగ్ భాష. గిడో వాన్ రోసమ్ అనే నెదర్లాండ్స్ ఆయన 1991లో దీన్ని విడుదల చేశారు. “మాది తెలుగు మీడియం, ఇంగ్లీషు రాకుండా కోడింగ్ ఎట్లా వస్తుంది” అని చాలామంది అడుగుతున్నారు. పైథాన్ తనకోసం అట్టిపెట్టుకున్న ఇంగ్లీషు మాటలు మొత్తం 35. ఇఫ్, ఎల్స్, వైల్, అండ్, ఆర్ లాంటివి. వాటి పక్కన ప్రింట్ లాంటివి మరికొన్ని వస్తే పిల్లవాడు చాలా దూరం వెళ్లగలడు. పేర్లు, ప్రశ్నలు, జవాబులు తెలుగులోనే రాసుకోవచ్చు, కంప్యూటర్ తెలుగులోనే చూపిస్తుంది.

మన బడి కంప్యూటర్ ల్యాబ్‌లో పైథాన్ కోసం థానీ పెట్టాం. ఎస్టోనియా దేశంలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ అది. ప్రోగ్రామ్ ఒక్కొక్క అడుగు ఎలా నడుస్తోందో ఆపి ఆపి చూడనిస్తుంది. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే పైడ్రాయిడ్ 3 అనే యాప్ చాలు. ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది, కాబట్టి డేటా అయిపోతుందన్న బెంగ అక్కర్లేదు. మధ్యలో ప్రకటనలు వస్తాయి, వాటి మీద నొక్కవద్దని మాత్రం చెప్పండి.

ఈ నెల ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి మీ అందరికీ తెలియాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి తాత పట్టా పాస్ పుస్తకం చూసి, రెండు సర్వే నంబర్ల భూమిని కూడే ప్రోగ్రామ్ రాసింది. ఒకదాంట్లో 2.25, ఇంకోదాంట్లో 1.30. కంప్యూటర్ 3.55 అని చెప్పింది. ఇంటికి వెళ్లి తాతకు చూపిస్తే ఆయన నవ్వి, “ఎకరానికి 40 గుంటలే కద బిడ్డా, 55 గుంటలు యాడియి?” అన్నాడట. మర్నాడు ఆ అమ్మాయి మొదటి పీరియడ్ కాకముందే ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది. పుస్తకంలో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. కంప్యూటర్ వాటిని దశాంశాలు అనుకుంది, ఎందుకంటే గుంటల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. అందుకని ముందు అంతా గుంటల్లోకి మార్చింది. 2 ఎకరాల 25 గుంటలంటే 105, ఎకరం 30 గుంటలంటే 70, రెండూ కలిపి 175. దాన్ని 40తో భాగిస్తే 4, శేషం 15. పైథాన్‌లో రెండు ఏటవాలు గీతలు పెడితే భాగఫలం వస్తుంది, శాతం గుర్తు పెడితే శేషం వస్తుంది. 4 ఎకరాల 15 గుంటలు అని తెర మీద పడింది. ఐదో తరగతి భాగహారం ఎందుకు నేర్చుకున్నామో ఆ రోజు ఆ తరగతి మొత్తానికి తెలిసింది.

ఆ తప్పు పట్టింది తాత. ఆయనకు కంప్యూటర్ తెలియదు, భూమి లెక్క తెలుసు. అందుకే “మాకేం తెలుసు మేడం, మేం చదువుకోలేదు” అని మీరంటే నేను ఒప్పుకోను. సాధనాలు ఇంటర్‌నెట్‌లో దొరుకుతాయి. లెక్క మీ ఇంట్లోంచి రావాలి, జవాబు సరైనదో కాదో చూసే కన్ను కూడా మీదే కావాలి. పాల కేంద్రం లెక్క, కైకిలి లెక్క, చిట్టీ లెక్క, బత్తాయి తోటకు మందుల ఖర్చు, ఏదైనా ఇవ్వండి. పిల్ల చేసి తెచ్చాక, ఇది ఏం చేస్తుందో నాకు చెప్పు అని అడగండి. చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట, మళ్లీ కూర్చుంటుంది. నా ఉద్దేశంలో ఏ సర్టిఫికెట్ కన్నా ఇది గట్టి పరీక్ష.

తెలుగులో పాఠాలు కావాలంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. ఒక్కో వీడియో సుమారు పది నిమిషాలు. తెర మీద ఇంగ్లీషు ఉంటుంది, మాట మాత్రం మన భాషలో వినిపిస్తుంది. అన్ని పాఠాలకూ తెలుగు లేదు, జాబితాలో భాష తెలుగు అని ఎంచుకుని వెతకాలి. వీడియోను ఆపుతూ, చెప్పినది పక్కనే చేస్తూ పోవాలని వాళ్లే చెబుతారు. ఈ ఒక్క మాట మీరు గట్టిగా పట్టుకోండి. బావి గట్టు మీద కూర్చుని చూస్తే ఈత రాదు. పది నిమిషాలు చూసిన పిల్లవాడు తర్వాత అరగంట తన చేత్తో టైపు చేయాలి. ఎర్ర అక్షరాలతో ఎర్రర్, అంటే తప్పు ఉందన్న సందేశం, వస్తే భయపడి మూసేయకుండా, ముందు చివరి వరుస చదవాలి. తప్పు ఏ రకందో అక్కడ ఉంటుంది, ఏ లైనులో ఉందో దాని పైన ఉంటుంది.

వెబ్ పేజీలు తయారుచేయాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు ఫ్రీకోడ్‌క్యాంప్, డబ్ల్యూ3స్కూల్స్ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. పదో తరగతి రాసినవాళ్లు ఫలితాలు వచ్చేలోగా మొదలుపెట్టవచ్చు. ఫ్రీకోడ్‌క్యాంప్ సర్టిఫికెట్ కూడా ఉచితమే.

ఇక చాట్‌జీపీటీ లాంటి ఏఐ సాధనాలు. అడగగానే ప్రోగ్రామ్ మొత్తం రాసిచ్చేస్తాయి, పిల్లలకు ఆ సంగతి మనకన్నా ముందే తెలుసు. నా ప్రోగ్రామ్‌లో ఈ లైను ఎందుకు పనిచేయడం లేదు అని అడిగితే నాకు అభ్యంతరం లేదు. రాసిపెట్టమని అడిగి, తెచ్చి చూపిస్తే మాత్రం మేము తీసుకోం. మొదటి ఏడాదిలో ఆ తిప్పలు పిల్లలు పడవలసిందే.

కోడింగ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అని అడిగిన తండ్రులకు ఒక మాట. ఈ వయసులో దాన్ని ఉద్యోగంతో ముడిపెట్టకండి. లెక్కలు బాగుపడతాయి, పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం వస్తుంది, ఒకసారి రాకపోతే మళ్లీ చేసే ఓపిక వస్తుంది. నేను కళ్లారా చూసినది అంతవరకు.

సెలవుల్లో మంగళ, శుక్రవారాలు పొద్దున 8 నుంచి 10:30 వరకు ల్యాబ్ తెరిచి ఉంచుతాం. ఎండ ముదరకముందే పిల్లలు ఇల్లు చేరాలి కాబట్టి ఆ వేళ పెట్టాం. రావాలనుకునేవాళ్లు చివరి పనిదినం లోపు గణితం సార్ దగ్గర పేరు రాయించాలి. ఆడపిల్లలను కూడా పంపండి, మా టీచర్లు ఇద్దరు ఉంటారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు పెన్‌డ్రైవ్ తెస్తే స్క్రాచ్, పైథాన్, థానీ అందులో వేసి ఇస్తాం, నెట్ లేకుండానే ఎక్కించుకోవచ్చు. మన బడి పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగినా, ఓటీపీ అడిగినా ఇవ్వకుండా వెంటనే నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు