గుండె గదుల లెక్కతో జంతువులకు మార్కులు వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ విద్యార్థుల పేజీలో జంతువుల రక్తప్రసరణ గురించి వ్యాసం వేశారు. చేప గుండెకు రెండు గదులు, కప్పకు మూడు, మనిషికి నాలుగు అని వరసగా బొమ్మలిచ్చి, కింద ‘గుండె మెరుగుపడిన తీరు’ అని రాశారు. గదుల లెక్క సరిగానే ఉంది, దాన్నుంచి తేల్చిన మాట తప్పు. చెన్నైలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు పాఠ్యపుస్తకం దాటితే తెలుగులో దొరికే సైన్సు చాలావరకు పత్రికల్లోదే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

గదులు ఎక్కువైతే గొప్ప అనుకుంటే బొద్దింకకే మొదటి ర్యాంకు రావాలి. దాని గుండెకు 13 గదులు. వీపు మధ్యగా పొడుగాటి గొట్టంలా సాగి, రక్తాన్ని వెనక నుంచి తలవైపు నెడుతుంది. అక్కడితో నాళాల పని అయిపోతుంది. రక్తం శరీర కుహరంలోకి జారి అవయవాలను నేరుగా తడిపి, గుండె పక్కలనున్న రంధ్రాల గుండా మళ్లీ లోపలికి చేరుతుంది. ఇంత నెమ్మదైన ఏర్పాటుతో అది అంత వేగంగా ఎలా పరిగెత్తుతుంది? ఆక్సిజన్ మోసే భారం ఆ రక్తం మీద లేదు కాబట్టి. వాయునాళాలు గాలిని నేరుగా కణాల దాకా చేరుస్తాయి. మన రక్తంలో ఆక్సిజన్ మోసే, ఇనుమున్న ఎర్రటి హీమోగ్లోబిన్‌తో దానికి పనిలేదు, అందుకే రక్తానికి ఎరుపు లేదు.

రొయ్యది కూడా ఇలా నాళాల బయట పారే రక్తమే గానీ, ఆక్సిజన్ మోస్తుంది. ఇనుముకు బదులు రాగి ఉన్న హీమోసయనిన్ దాని రక్తంలో ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కితే లేత నీలం, లేకపోతే రంగే ఉండదు. వంటింట్లో వీపు చీల్చి తీసేసే నల్ల నరాన్ని పిల్లలు రక్తనాళం అనుకుంటారు. అది పేగు.

ఇక చేప. కాసిమేడులోనో చింతాద్రిపేటలోనో కిలో బరువున్న బొచ్చె చేపను కోయించుకునేటప్పుడు మొప్పలతో పాటు గుండె కూడా చెత్తలోకి పోతుంది. శుభ్రం చేయించకుండా తెచ్చి వెల్లకిలా పెట్టండి. గొంతు కింద రెండు మొప్పల మూతలు కలిసేచోటు నుంచి ముందు రెక్కల మధ్యదాకా కత్తెరతో పైపైన కోయాలి. కత్తెర మొన ఎప్పుడూ పైకే ఉండాలి. లోతుగా దిగితే పలచటి కర్ణిక (గుండెలోకి వచ్చే రక్తాన్ని అందుకునే గది) చిరిగి అంతా రక్తం కమ్ముకుంటుంది, ఇక ఏదీ కనబడదు. పలచటి పొర విప్పితే చిక్కుడు గింజంత జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే గది), దాని వెనక పైభాగంలో ముదురు రంగు కర్ణిక కనిపిస్తాయి. జఠరిక ముందున్న తెల్లటి ఉబ్బును చూసి చాలామంది మూడో గది అని రాస్తారు. అది సాగే గుణమున్న ధమని మూలం. జఠరిక కొట్టిన ప్రతి దెబ్బకూ ఉబ్బి, మెల్లగా ముడుచుకుంటూ, సున్నితమైన మొప్పల్లోకి రక్తం ఒక్కసారిగా దూకకుండా చూస్తుంది. ఐసులో రోజులు గడిచిన చేపలో రక్తం గడ్డకట్టి ఈ తేడాలు తెలియవు. తాజాది కావాలి.

చేప గుండె గుండా పోయేది ఆక్సిజన్ తగ్గిన రక్తమే. అది మొప్పల్లో ఆక్సిజన్ ఎక్కించుకుని, గుండెకు తిరిగి రాకుండా నేరుగా ఒళ్లంతా తిరుగుతుంది. మొప్పల్లోని వెంట్రుకల్లాంటి సన్నటి నాళాల్లో (కేశనాళికల్లో) ఒత్తిడి పడిపోతుంది, నిజమే. అయితే చేప బరువును నీళ్లే మోస్తాయి, పైగా చాలా చేపలు తమ ఒంటిని వెచ్చగా ఉంచుకోనక్కర్లేదు. ఆ కొద్ది ఒత్తిడి సరిపోతుంది.

మీ వ్యాసంలో ఎక్కువ అన్యాయం జరిగింది కప్పకు. ‘ఒకే జఠరిక కావడంతో రక్తం కలిసిపోతుంది, అది లోపం’ అన్నారు. మొదటిది, పూర్తిగా కలవదు. జఠరిక లోపలి కండరపు మడతలు, బయటికి పోయే నాళంలోని మెలితిరిగిన కవాటం (తలుపులాంటి మడత) ఆక్సిజన్ ఎక్కువున్న, తక్కువున్న రెండు ధారలనూ చాలావరకు విడిగా పంపుతాయి. రెండోది ఇంకా ముఖ్యం. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది. చర్మంలో ఆక్సిజన్ ఎక్కిన రక్తం సిరల ద్వారా కుడి కర్ణికకే చేరుతుంది. అంటే కుడివైపు రక్తంలో ఆక్సిజన్ ఉండదన్న సూత్రం ఇక్కడ చెల్లదు. కప్ప నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ ఊపిరితిత్తులకు కొత్త గాలి రాదు, చర్మమే ఆధారం. జఠరికకు నిలువునా అడ్డుగోడ ఉంటే, చర్మం నుంచి వచ్చిన మంచి రక్తమంతా పని చేయని ఊపిరితిత్తులు తిరిగి రావాల్సిందే. గోడ లేదు కాబట్టి సూటిగా ఒంట్లోకి పోతుంది.

మొసలికి నాలుగు గదులూ పూర్తిగా ఉన్నాయి. అయినా దాని కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళంతో పాటు ఎడమ బృహద్ధమని (ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) కూడా బయల్దేరుతుంది. ఊపిరితిత్తుల దారి మొదట్లో పళ్ల చక్రంలాంటి కండరపు కవాటం ఉంది. అది బిగుసుకుంటే ఊపిరితిత్తులకు పోవాల్సిన రక్తం ఎడమ బృహద్ధమనిలోకి మళ్లి జీర్ణాశయం వైపు పోతుంది. ఈ దారి మళ్లింపు మన గుండెకు చేతకాదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వడనెమ్మేలిలో 1976లో మొదలైన మొసళ్ల కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్లే బడులు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

పక్షులు, క్షీరదాలు నాలుగు గదుల గుండెను వేర్వేరు దారుల్లో సంపాదించుకున్నాయి. ఆ ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బృహద్ధమని వంపు (చాపం) పక్షుల్లో కుడివైపు తిరుగుతుంది, మనలో ఎడమవైపు. కోడి గుండె, మేక గుండె మాంసం కొట్లో అడిగితే ఇస్తారు. రెంటినీ కొన నుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా కోస్తే, దళసరి గోడతో గుండ్రటి ఎడమ జఠరిక, దాన్ని చుట్టుకున్న నెలవంకలాంటి పలచటి కుడి జఠరిక కనిపిస్తాయి. తరవాత కుడివైపు తెరిచి కవాటం చూడాలి. మేకలో పలచటి పొరలు, తాళ్లు ఉంటాయి. కోడిలో దళసరి కండరపు రెక్క ఒక్కటే. జంతువుల్ని చంపి కోయించే ప్రాక్టికల్స్ తగ్గడం మంచిదే. వాటి లోటును ఇలా తీర్చుకోవచ్చు. చేతి తొడుగులు వేసుకోవాలి, కోసినవి వంటకు వాడకూడదు.

ఒక మనవి. సవరణ వేసేటప్పుడు ఎరుపు, నీలం రంగుల బొమ్మ కింద ‘రంగులు గుర్తు కోసమే, సిరల్లోని రక్తమూ ముదురు ఎరుపే’ అన్న వాక్యం చేర్చండి. కప్ప బొమ్మలో చర్మం నుంచి కుడి కర్ణికకు వచ్చే సిరను తప్పకుండా గీయించండి. ఆ ఒక్క గీత లేకపోవడం వల్లే ఈ పొరపాటంతా.

ఇట్లు,
కొందరు జంతుశాస్త్ర అధ్యాపకులు,
చెన్నై