మా పాప కోసం వచ్చిన అందరికీ

అందరికీ నమస్కారం. మా పాపకు బ్లడ్ క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి ఎలా ఉంది, ఎలా ఉంది అని అడుగుతున్న అందరికీ ముందుగా మంచి కబురు. పెద్ద కీమోలన్నీ అయిపోయాయి. ఈ వారం నుంచి మెయింటెనెన్స్, అంటే జబ్బు మళ్లీ రాకుండా వాడే మందులు, మొదలుపెట్టారు. ఇక ఇంటి దగ్గరే రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు, మధ్యమధ్యలో హైదరాబాద్ వెళ్లి పరీక్షలు. ఇంకా ఏడాదిన్నర పైనే మందులు వాడాలి. అయినా పాప తన మంచం మీద తను పడుకుంటోంది. ఇప్పటికి మాకు అది చాలు.

ఇన్నాళ్లూ మీ ఫోన్లకు, మెసేజ్‌లకు సరిగ్గా జవాబు ఇచ్చే ఓపిక లేకపోయింది. ఎవరేం చేశారో అన్నీ గుర్తున్నాయి.

ముందు ప్లేట్‌లెట్లు, అంటే నెత్తురు గడ్డకట్టించే కణాలు, ఇచ్చినవాళ్ల గురించి చెప్పాలి. లక్షన్నర పైన ఉండాల్సినవి మొదటి నెలలో పాపకు పది వేల లోపుకు పడిపోయాయి. పళ్లు తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు, ఎక్కడ పట్టుకుని ఎత్తుకుంటే అక్కడ నల్లగా కమిలిన మచ్చ. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవట. ముందే తెచ్చి పెట్టుకునే వీల్లేదు, కావాల్సిన ప్రతిసారీ మనిషి కావాలి. రక్తం తీసి, మిషన్‌లో ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది మళ్లీ ఒంట్లోకి ఎక్కించడానికి గంట, గంటన్నర పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఒక బాబు, మర్నాడు పరీక్ష పెట్టుకుని వచ్చి ఇచ్చాడు. పుస్తకం కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇంకో అన్నయ్యకు నరం సన్నగా ఉంది, కుదరదన్నారు. ఆయన ఇంటికి వెళ్లలేదు. బ్లడ్ బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఫోన్ మీద ఫోన్ చేసి, తన బావమరిదిని రప్పించి, అతను సూది పెట్టించుకున్నాకే లేచాడు. వీళ్లెవరూ మాకు చుట్టాలు కారు. పాపను చూసినవాళ్లు కూడా కారు.

మిర్యాలగూడలో రక్తపరీక్ష కాగితం చూసి, ఇక్కడ ఒక్క రోజు కూడా ఆగొద్దని ఆ సాయంత్రమే పంపించిన డాక్టరు గారికి దండాలు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పిల్లల వార్డులో డాక్టర్లకు, సిస్టర్లకు ఏమిచ్చినా మా రుణం తీరదు. నడుములో ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పిల్లలు కదలకుండా మోకాళ్లు పొట్టకు ఆనించి పడుకోవాలి. ఒక సిస్టర్ రోజూ పాప దగ్గరికొచ్చి, "రొయ్య ఎలా పడుకుంటుందో చూపించు బంగారం" అని మంచం మీద ఆడించేది. ఇంజెక్షన్ రోజు వచ్చేసరికి అది దానికి తెలిసిన ఆటే. ఏడ్చింది, కానీ కదల్లేదు. ఇప్పటికీ దాన్ని రొయ్య సూది అనే అంటుంది. ఆరోగ్యశ్రీ మీద వైద్యం జరిగింది. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక నిలబడిపోయిన మా ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగిన ఆరోగ్యమిత్ర తమ్ముడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఆదిలాబాద్ నుంచి కొడుకు కోసం వచ్చిన అక్క, మేము పక్కపక్క గదుల్లో అద్దెకు ఉండేవాళ్లం. స్టెరాయిడ్ మందుకు పిల్లలకు ఆగని ఆకలి వేస్తుంది. ఒకసారి నడిరాత్రి పప్పుచారు కావాలని పాప ఒకటే ఏడుపు. ఇన్ఫెక్షన్ భయానికి చల్లారిన అన్నం పెట్టకూడదు. నేను లేచేలోపే అక్క స్టవ్ వెలిగించింది. తన కొడుకు నిద్ర చెడకుండా గిన్నె చప్పుడు కానివ్వకుండా వండింది.

ఊళ్లో సంగతి వేరే చెప్పాలా! మా ఆయన నెలల తరబడి పనికి వెళ్లకపోయినా రైసు మిల్లు సేటు జీతం ఆపలేదు. పెద్దోణ్ణి మా ఆడబిడ్డ తన పిల్లలతో పాటే బడికి పంపింది. జ్వరం 100.4 దాటితే ఎంత రాత్రైనా వచ్చేయాలని డాక్టర్లు చెప్పారు. అలాంటి రాత్రి పక్కింటి బాబాయి ఒక్క మాట అడక్కుండా కారు తీశాడు. జుట్టంతా ఎందుకు రాలిందని పాప అడిగితే మాకు నోట మాట రాలేదు. మా అత్తమ్మే, "యాదగిరిగుట్ట స్వామి అడిగాడమ్మా, ఇచ్చేశాం, మళ్లీ పంపిస్తాడు" అని చెప్పింది. ఇప్పుడు మెత్తగా మొలుస్తోంది. రోజూ అద్దంలో చూసుకుని, స్వామి ఎంత పంపాడో మాకు చెబుతోంది.

ఒక్క విన్నపం. మా పాపకు ఇప్పట్లో ప్లేట్‌లెట్లు అవసరం పడకపోవచ్చన్నారు. కానీ మా కోసం నంబర్లు ఇచ్చినవాళ్లు దయచేసి ఆ లిస్టులోనే ఉండండి. ఆ ఆదిలాబాద్ అక్క కొడుక్కి వచ్చే వారం మళ్లీ కీమో ఉంది. బాబుది బి నెగటివ్, దొరకడం కష్టంగా ఉంది. ఇచ్చేవాళ్ల బరువు 50 కిలోలు దాటి ఉండాలి. మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఇవ్వగలిగినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, అక్క నంబరు పంపిస్తాను.