కీమో విషయమై సూర్యానికి ఉత్తరం

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

ప్రియమైన సూర్యం,

మొన్న ఫోనులో నువ్వు “కీమో చేయించుకుంటున్నావా లేదా, ఒక్క ముక్కలో చెప్పరా” అని అడిగితే నేను నసిగి, మాటను వర్షాల మీదకు మళ్ళించాను. పక్కనే కాంతం కూర తరుగుతోంది, అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి హాల్లో కూర్చున్నాడు; వాళ్ళిద్దరూ వింటుండగా ఏ ముక్క చెప్పినా అది తీర్పులాగే వినిపిస్తుందని ఊరుకున్నాను. ఈ రోజు ఇద్దరూ సింహాచలం వెళ్ళారు గనుక తీరికగా రాస్తున్నాను.

జబ్బు సంగతి నీకు సగమే తెలుసు. ఇది క్యాన్సర్. గడ్డ పాంక్రియాస్‌లో, అంటే క్లోమంలో, మొదలై కాలేయానికి పాకింది. బయాప్సీలో ఖాయమైంది, నాలుగో స్టేజి. ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తడం లేదు. మే నెలలో నా కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురదలు పెట్టి రాత్రుళ్ళు జాగారం చేయించినది, ఆ గడ్డ పైత్యరస నాళాన్ని నొక్కేయడం వల్లనే. ఎండోస్కోపీతో ఆ నాళంలో స్టెంటు అనే చిన్న గొట్టం వేశాక కామెర్లు దిగాయి, కాస్త అన్నం సహిస్తోంది. పొట్టలోంచి వెన్నులోకి పొడుచుకుపోయే నొప్పి మాత్రం అలాగే ఉంది. తిన్నది అరగడానికి ఎంజైము క్యాప్సూళ్ళు ఇచ్చారు. అవి భోజనంతో పాటే వేసుకోవాలట. అందుకని కాంతం చిన్న స్టీలు గిన్నెలో వాటిని కంచం పక్కన పెట్టి, మొదటి ముద్దకు ఒకటి, పెరుగన్నం దగ్గర ఇంకొకటి అని, నేను మింగేదాకా అక్కడినుంచి కదలదు. నెయ్యి వేసుకున్న పూట అవి మరిచిపోతే ఏమవుతుందన్నది ఉత్తరంలో రాయదగిన విషయం కాదు.

మాకు దగ్గరే గనుక అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. అబ్బాయి నాకంటే ముందు లోపలికి వెళ్ళి “నాన్నగారికి స్టేజి చెప్పకండి” అని డాక్టరు గారిని బతిమాలుకున్నాడట. మన ఇళ్ళలో ఇది మామూలే గనుక నేను వాణ్ణి తప్పుపట్టలేదు. అయితే మందు ఎక్కేది నా నరంలోకి; అది దేనికోసమో తెలియకుండా సరే అనడం, వోచరు చూడకుండా సంతకం పెట్టడం లాంటిది, ఆ పని నేను స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎన్నడూ చేయలేదు. అందుకని అబ్బాయి ఎదురుగానే అడిగాను, ఈ కీమోతో జబ్బు నయమవుతుందా అని. డాక్టరు గారు చీటీ వెనక్కి తిప్పి, “నయం చేయడానికి కాదు, పెరుగుదల ఆపడానికి, బాధ తగ్గించడానికి” అని రాసి, ‘కాదు’ కింద గీత గీసి నా చేతికిచ్చారు. అబ్బాయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ చీటీ ఇప్పుడు నా ఫైలులో అన్నిటికంటే పైన ఉంది.

ఈ గీత ఎంత అవసరమో తర్వాత తెలిసింది. 2012లో అమెరికాలో, వేరే అవయవాలకు పాకిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 1,193 మందిని అడిగిచూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ళలో నూటికి 69 మందికి, పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళలో 81 మందికి, ఆ మందుతో నయం కావడం దాదాపు అసంభవమన్న సంగతి అర్థం కాలేదట. ఇంకా విచిత్రం, మా డాక్టరు చాలా బాగా మాట్లాడతారని మెచ్చుకున్నవాళ్ళలోనే ఈ భ్రమ ఎక్కువగా కనిపించిందట. మా డాక్టరు గారు పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆ విధంగా నేను అదృష్టవంతుణ్ణే.

ఇక మందుల విషయం. ఈ జబ్బుకు గట్టి కీమో ఒకటి ఉంది, ఫోల్ఫిరినాక్స్ అంటారు. మూడు కీమో మందులు కలిపి రెండు వారాలకోసారి ఇస్తారు, అందులో ఒకటి పంపు ద్వారా 46 గంటలపాటు ఎక్కుతూనే ఉంటుంది. ఫ్రాన్సులో 342 మందితో జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో, అది తీసుకున్నవాళ్ళ ఆయుష్షు మధ్యగతం (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) 11.1 నెలలు, జెమ్‌సైటబిన్ అనే తేలిక మందు ఒక్కటే తీసుకున్నవాళ్ళది 6.8 నెలలు. గట్టి మందు అయితే మనిషి త్వరగా కుదేలవుతాడని నేను అనుకున్నాను గాని, ఆరు నెలలు గడిచేసరికి జీవన నాణ్యత బాగా దిగజారినవాళ్ళు గట్టి మందు వర్గంలో నూటికి 31 మంది, తేలిక మందు వర్గంలో 66 మంది. జబ్బు పెట్టే బాధ మందు పెట్టే బాధను మించిపోతుందన్నమాట. అబ్బాయి ఈ అంకెలన్నీ వల్లెవేసుకుని వచ్చాడు. “పోరాడాలి నాన్నా” అంటాడు. వాడి మాట కొట్టిపారేయదగినది కాదు.

అయితే ఆ పరీక్షలోకి తీసుకున్నది ఎవరినంటే, 75 ఏళ్ళ లోపువాళ్ళై, ఒంట్లో చేవ బాగా ఉన్నవాళ్ళను. చేవను కొలవడానికి వీళ్ళకొక కొలమానం ఉంది: అన్ని పనులూ చేసుకుంటుంటే సున్నా, తేలిక పనులు చేసుకోగలిగితే ఒకటి, తన పనులు తాను చేసుకుంటూ పగటి పొద్దులో సగానికి పైగా లేచి తిరగగలిగితే రెండు, సగానికి పైగా మంచానికే అంటుకుంటే మూడు, పూర్తిగా మంచం పడితే నాలుగు. నాకు 71 ఏళ్ళు, వయసు సరిపోతుంది. చేవలో మాత్రం నేను రెండు. పైగా షుగరు వల్ల నా అరికాళ్ళు ఎప్పటినుంచో మొద్దుబారి ఉన్నాయి, చెప్పు జారిపోయినా తెలియదు. ఫోల్ఫిరినాక్స్‌లోని మూడు మందుల్లో ఒకటైన ఆక్సాలిప్లాటిన్‌కు నరాలంటే పగ. చల్లటి గ్లాసు ముట్టుకుంటే వేళ్ళు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయట, పోనుపోను ఆ తిమ్మిరి ఉండిపోవచ్చునట. మిగిలిన రోజుల్లో నా కాళ్ళ మీద నేను సముద్రం దాకా నడవాలన్నది నా కోరిక. కనుక ఆ దారి నాది కాదని డాక్టరు గారూ అన్నారు, నేనూ అనుకున్నాను.

మిగిలింది జెమ్‌సైటబిన్ ఒక్కటే. వారానికోసారి అరగంట సెలైను, మూడు వారాలు ఎక్కించి నాలుగో వారం విరామం. 1997లో వెలువడిన పరీక్షలో 126 మందిని రెండుగా విడగొట్టి చూస్తే, మధ్యగతం ఈ మందుతో 5.65 నెలలు, అంతకుముందు వాడుతున్న పాత మందుతో 4.41 నెలలు. లాభం నెల పై చిల్లర. ఇంతేనా అని నేనూ అనుకున్నాను. అదే పరీక్షలో నొప్పి, బరువు, చేవ ఈ మూడింటినీ కలిపి చూస్తే మేలు కలిగినవాళ్ళు ఈ మందుతో నూటికి దాదాపు 24 మంది, పాత మందుతో 5 మంది. నేను ఆశపడుతున్నది ఆ 24 మందిలో ఒకణ్ణి అవుదామనే గాని నెలల కోసం కాదు. నూటికి 76 మందికి ఆ మేలు దక్కలేదన్న మాటా నాకు గుర్తుంది. మధ్యగతం గనుక సగం మంది దానికంటే ఎక్కువ కాలమే బతికారు, కొందరు చాలా ఎక్కువ కాలమే బతికారు. అబ్బాయి ఆ సగాన్నే చూస్తాడు, కాంతం రెండో సగాన్నే చూస్తుంది.

ఇంతకీ నేను తేల్చుకున్నదేమిటంటే, ఈ నాలుగు వారాల సైకిళ్ళు రెండు తీసుకుంటాను, అంటే ఎనిమిది వారాలు. ఆ తర్వాత సీటీ స్కాన్. ఎప్పుడు ఆపాలో మాత్రం మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకున్నాం: స్కాన్‌లో గడ్డలు పెరిగితే ఆపేయాలి, నొప్పి తగ్గక, బరువు దిగుతూనే ఉంటే ఆపేయాలి, చేవ రెండు నుంచి మూడుకు పడిపోతే, నేను ఇంకొక్కటి చూద్దామని బతిమాలినా ఆపేయాలి. ఈ చివరిది రాయించినది నేనే. చివరి నెలల్లో కీమో తీసుకున్నవాళ్ళను గమనించి 2015లో వెలువరించిన పరిశోధనలో, అప్పటికి చేవ బాగానే ఉన్నవాళ్ళకు కూడా ఆఖరి వారం కీమో తీసుకోనివాళ్ళకంటే కష్టంగా గడిచిందని తేలింది. ఒకసారి సెలైను ఎక్కడం మొదలయ్యాక ఇంట్లో ఎవరికీ ఆపుదామనే నోరు రాదు, నాకు అసలే రాదు.

కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్ళవలసిందే, మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకూడదని కాంతానికి గట్టిగా చెప్పారు. తెల్లకణాలు పడిపోయినప్పుడు చిన్న ఇన్ఫెక్షనే ప్రాణం మీదికి తెస్తుందట. ఖర్చు సంగతి నువ్వు బెంగపెట్టుకోకు. జెమ్‌సైటబిన్ వచ్చి చాలా ఏళ్ళైంది, ధర అందుబాటులోనే ఉంది.

కీమోతో పాటు మొదటి రోజునుంచే, నొప్పినీ బాధనూ తగ్గించే పాలియేటివ్ డాక్టరును కూడా చూస్తాను. ఆ పేరు వినగానే మా తోడల్లుడు “అప్పుడే అంతదాకా వచ్చిందా” అని కళ్ళు తుడుచుకున్నాడు. నిజానికి 2010లో, పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో, మామూలు వైద్యంతో పాటు మొదటినుంచే ఈ వైద్యం కూడా అందినవాళ్ళు చివర్లో కీమోలు తక్కువగా తీసుకుని కూడా మధ్యగతంగా 11.6 నెలలు బతికారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళు 8.9 నెలలు. జబ్బు వేరనుకో, అయినా నాకు నచ్చింది. ప్రస్తుతం రెండు పూటలా మార్ఫిన్ మాత్ర వేసుకుంటున్నాను. నొప్పి సగానికి దిగింది, మలబద్ధకానికి వేరే మందు ఇచ్చారు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక ఈ మాత్రలకు అడ్డంకులు కొంత తగ్గాయి గాని, జనంలో దీని మీద భయం మాత్రం తగ్గలేదు.

కాంతం ఏమంటోందని అడుగుతావు. “మీరు ఏది అంటే అదే” అంటుంది, ఆపైన వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెడుతుంది. కీమో వద్దని ఆమె మనసులో ఉందని నాకు తెలుసు. వాళ్ళ అన్నగారి చివరి రోజులు దగ్గరుండి చూసిన మనిషి. ఎనిమిది వారాల గడువు అన్నాక కొంచెం కుదుటపడింది.

ఇక నీతో పని. వెంటిలేటర్ మీద పెట్టి నన్ను సాగదీయవద్దని ముందస్తు వైద్య నిర్దేశం రాసి ఉంచదలిచాను. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కరలేదు, ఇద్దరు సాక్షులుండి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. సాక్షులు ఇంటివాళ్ళు కాకపోతే మంచిది. ఒకరు మా ఎదురింటి మేష్టారు, రెండోవాడివి నువ్వు. మందు లేని నాలుగో వారంలో రా, రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా దువ్వాడలో దిగుతావు, అబ్బాయి స్టేషనుకు వస్తాడు. ఆధార్ కార్డు మరిచిపోకు. దారిలో వాడు ఫోల్ఫిరినాక్స్ గురించి మొదలుపెడితే పూర్తిగా చెప్పనివ్వు, మధ్యలో అడ్డు తగలకు. నా దగ్గర వాడు మొత్తం చెప్పుకోలేకపోతున్నాడు.

చెల్లెమ్మకు నా ఆశీస్సులు.

నీ
శేషు